నాలుగు రేకుల బండ

పూర్వం, నల్లమల కొండలు దిగివచ్చి చదునులో కలిసే చోట, మేడిగట్ల గ్రామానికి పడమట, ఇప్పుడు మనం చెప్పులు విడిచి నిలబడే ఈ బండకు ఇంకా పేరంటూ ఏదీ లేని రోజుల్లో, ఎరుకలవారి కులాన నాంచారి అనే పుణ్యాత్మురాలు ఉండేది. స్థలమాహాత్మ్యమంటే మహారాజు స్వప్నంతోనో మహర్షి తపస్సుతోనో మొదలు కావాలనుకునే పెద్దమనుషులకు ఈ మాట రుచించదు. రుచించకపోతే మానె. ఈ స్థలానికి రాజూ రాలేదు, ఋషీ రాలేదు. గాడిద మీద ఈతచాపలూ, వెంట ఆడపిల్లా, రొండిన సూదుల సంచీ పెట్టుకుని ఊరూరా తిరిగి పచ్చబొట్లు పొడిచే ఒక వితంతువు వచ్చింది, ఆమె వల్లనే దీనికి పవిత్రత సిద్ధించింది. కనుక కథ ఆమెతోనే మొదలవుతుంది, ఆమెతోనే ముగియాలి. ముగిసిందో లేదో మాత్రం చివర మీరే చెప్పాలి.

నాంచారి పనితనం చుట్టుపక్కల ఇరవై ఊళ్ళకు తెలుసు. ఆముదపు దీపం మీద మట్టిమూకుడు బోర్లించి పట్టిన మసిని, గుంటగలగరాకు పసరుతోనూ బాలింత చనుబాలతోనూ రంగరించి, మూడు సూదులు జతచేసి దారంతో బిగించి కట్టి, ముంజేతి మీద చుక్క చుక్కగా పొడుచుకుంటూ పోతే, తొమ్మిదోనాటికి పొక్కు ఊడిపోయి, అప్పుడే విచ్చిన పువ్వొకటి చర్మం లోపలి నుంచి పైకి చూసేది. చనుబాలు కలపనిదే మసి నెత్తురులో ఇమడదనీ, పాలిచ్చిన తల్లి చలవే సూది మంటను చల్లార్చుతుందనీ వారి కులాచారం. అందువల్ల ఏ ఊళ్ళో గాడిదను కట్టేసినా నాంచారి మొట్టమొదట అడిగేది, "పాలిచ్చే తల్లి ఎవురమ్మా ఉండారు ఈ ఊళ్ళో?" అనే. సూది దిగగానే ఏడవని ఆడపిల్ల ఉండదు కదా! అట్లా ఏడ్చిన ప్రతి పిల్లకూ ఆమె చెప్పే మాట ఒక్కటే: "ఓర్చుకో తల్లీ, అయిపొచ్చింది." మొదటి చుక్క దగ్గరా అదే మాట, సగం పువ్వు దగ్గరా అదే మాట. "నీ అయిపొచ్చింది పాడుగాను, ఇంకెప్పటికి అయిపోతాదే!" అని శాపనార్థాలు పెట్టిన పెళ్ళికూతుళ్ళు కూడా, పువ్వు తేలిన నాడు నలుగురికీ చెయ్యి చాపి చూపించుకుంటూ మురిసిపోయేవాళ్ళు.

ఆమె పొడిచే పువ్వుల్లో ఊరకే పొడిచే పువ్వు ఒకటీ లేదు. కొత్తగా కాపురానికి పోయే పిల్లకు తామర పొడిచేది, నీళ్ళలో ఉన్నా తడి అంటని పువ్వు గనుక అత్తవారి మాటలు పిల్ల మనసుకు అంటకుండా ఉంటాయని. పెనిమిటి దేశాంతరం పోయిన ఇల్లాలికి సంపెంగ, తుమ్మెద వాలని పువ్వు గనుక పాడుకళ్ళు ఆమె మీద పడవని. నోరులేని కోడలికి మొగలిపువ్వు, ముట్టబోయినవాడు ముళ్ళకు జడిసి చెయ్యి వెనక్కి తీసుకుంటాడని. పుట్టింటిని తలుచుకుని చిక్కిపోయేదానికి మల్లె, వాడినా వాసన వదలదని. పసుపుకుంకుమలు చల్లగా ఉండాలని మొక్కుకునే ముత్తైదువకు మందారం. ఏళ్ళు గడిచినా కడుపు పండని ఇల్లాలికి గుమ్మడిపువ్వు, పిందెను వెనకాల పెట్టుకునే విచ్చుకుంటుంది గనుక. నోరు తెరిచి చెప్పుకోలేని ఆశ ఏదో, ఎవరికీ తెలియనివ్వని భయమేదో, చెయ్యి పట్టుకోగానే నాంచారికి అవగతమయ్యేదట. మెడలో పూసలపేరుకు కూడా నోచుకోనివాళ్ళకు ఆ పువ్వే ఆభరణం, దేవుడి ముందు నోరు పెగలనివాళ్ళకు ఆ పువ్వే విన్నపం.

వీటన్నిటికీ మించిన నమ్మకం మరొకటి ఉండేది. ఒంటిమీది బంగారాన్ని కాటికి ముందే ఒలుచుకుంటారు, కట్టుబట్ట కట్టెల మీద కాలిపోతుంది, ప్రాణం పోయిన తర్వాత మనిషి వెంట నడిచి వచ్చే సొమ్ము పచ్చబొట్టు ఒక్కటేనని ఆ కాలపు స్త్రీల విశ్వాసం. ఆ లోకంలో ముఖాలుండవట, పేర్లుండవట, అందరూ ఒకే పొగరంగులో బారులు తీరి కూర్చుని ఉంటారట. తల్లి బిడ్డను గుర్తుపట్టాలంటే వంగి ముంజేతి మీది పువ్వు చూసి గుర్తుపట్టవలసిందేనట. పువ్వు లేనివాళ్ళు ఎవరికీ ఏమీ కానివాళ్ళై, ఎవరు పిలుస్తారా అని ఎదురుచూస్తూ, కల్పాంతం దాకా ఆ బారుల్లోనే ఉండిపోతారట. ఈ మాట నాంచారికి ఆమె తల్లి చెప్పింది, ఆ తల్లికి ఆమె తల్లి చెప్పింది, నాంచారి తన చేయి పట్టిన ప్రతి పిల్లకూ చెప్పింది.

ఇంత తెలిసిన నాంచారి కన్న ఒక్కగానొక్క కూతురు ఓబులికి పన్నెండేళ్ళు నిండినా ముంజేయి బోడిగానే ఉంది. ఎందుకంటే, పరుల బిడ్డలకు రెప్పపాటులో పువ్వు నిర్ణయించగల ఆ తల్లికి, తన బిడ్డ దగ్గరికి వచ్చేసరికి ఏ పువ్వూ కంటికి ఆనలేదు. తామర పొడుద్దామంటే పొద్దుగూకితే ముడుచుకుంటుంది, పిల్ల బతుకు అట్లా ముడుచుకుపోతే? సంపెంగ దగ్గరికి తుమ్మెదే రాదు, పిల్లకు పెళ్ళే కాకపోతే? మొగలిపొదలో పాముంటుంది. మందారానికి వాసన లేదు. గుమ్మడిలో పిందె లేని పోతుపువ్వులే ఎక్కువ. మల్లె ఒక్కపూట పువ్వు అన్న ఆలోచన రాగానే అయ్యో అని తన నోటి మీద తానే కొట్టుకున్నదట. ఇట్లా ఇతరుల బిడ్డలకు మేలు మాత్రమే కనబడిన పువ్వుల్లోనే తన బిడ్డకు కీడు కనబడసాగింది, ఏటికేడు ఆమె సూది కూతురి చేతి దాకా వచ్చి వెనక్కి పోయేది.

ఓబులికి మాత్రం ఈ తర్కం ఏమీ పట్టలేదు. "నాకు తంగేడు పువ్వు పొడువుమా" అనేది.

"తంగేడా! దోవపక్కన మేకలన్నా మూతి పెట్టవు గదే దానికి. తంగేడు పువ్వు ఎవురన్నా పొడిపించుకుంటారా?"

"మేకలు తినకుంటే మంచిదే గదా, ఉంటాది."

"దానికి అర్థమేముందో చెప్పు, పొడుస్తా."

"అన్నిటికీ అర్థమెందుకుమా? మనం యాడికి పోయినా దోవ పొడుగునా అదే ఉంటాది. ఏ ఊళ్ళో గుడిసె ఏసినా వాకిట్లో అదే ఉంటాది. మనిల్లు యాడే అని ఎవురన్నా అడిగితే నాకు ఆ పువ్వే గుర్తొస్తాది."

నాంచారి నవ్వి, కూతురి తల నిమిరి, "పిచ్చిమొద్దూ, నీకు దేవతలు కోసుకునే పువ్వు పొడుస్తా, ఎవురి చేతి మీదా లేనిది. కొంచెం ఆగు" అనేది. ఆ ఆగమనడంలోనే సంవత్సరాలు గడిచిపోయాయి.

ఏటా మాఘమాసంలో వారి కులస్థులంతా కూడే జాతర ఒకటుండేది. ఆ ఏడు జాతరలో నాంచారి అక్క ఈరమ్మ, తానూ సూది పట్టిన మనిషే గనుక, ఓబులి చెయ్యి చూసి ముక్కు మీద వేలు వేసుకుంది. "ఏందే ఇది? నీకు చేత కాకుంటే నేనన్నా పొడుస్తా, ఏదో ఒక పువ్వు. రేపేమన్నా అయితే పిల్ల బోడిచేతుల్తో పోతాది గదే!" అన్నది. నాంచారికి ఒళ్ళు మండిపోయింది. "నీ నోట్లో మన్ను బడ, ఏమయితాదే నా బిడ్డకు? నా బిడ్డకు నేనే పొడుస్తా, మంచి పువ్వు, మంచి దినం చూసి పొడుస్తా" అని గాడిదను తోలుకుని వచ్చేసింది. ఆ మాటలు మాఘంలో జరిగాయి. చైత్రం వెళ్ళకముందే మేడిగట్లలో అమ్మవారు పోసింది.

ఆ రోజుల్లో మశూచి వచ్చిందనకూడదు, అమ్మ వచ్చిందనాలి. ఊరంతా వేపమండలు కట్టారు, పోపు ఘాటు బయటికి రాకూడదన్నారు, గుమ్మంలో చెప్పు విడవకూడదన్నారు. అమ్మ ఒంటి మీద కొలువై ఉన్నంతకాలం ఆ ఒంటికి ఇనుము తగలకూడదనీ, కత్తిగానీ సూదిగానీ ముట్టిస్తే ఆ తల్లి ఆగ్రహం ఊరిమీదికే మళ్ళుతుందనీ పెద్దకాపు చాటింపు వేయించాడు. ఊరిబయట ఈ బండ నీడన గుడిసె వేసుకుని ఉన్న తల్లీకూతుళ్ళను ఊళ్ళోకి రావద్దన్నారు, మరో ఊరికి పోవద్దని కూడా అన్నారు. ఐదోనాడు ఓబులికి ఒళ్ళు కాలింది. ఎనిమిదోనాటికి తల నుంచి అరికాళ్ళ దాకా ముత్యాలు లేచాయి. ఏ పువ్వు పెట్టాలో తేల్చుకోలేక తల్లి ఖాళీగా ఉంచిన చర్మమంతటినీ అమ్మవారు తీరుబడిగా కూర్చుని తన బొట్లతో నింపేసింది. ఎడమ ముంజేతి లోపలివైపున, అరచేతి మేర, ఎందువల్లనో కొంచెం చోటు మాత్రం మిగిలింది.

గొంతు మూసుకుపోయి గుక్కెడు మజ్జిగ కూడా దిగని స్థితి వచ్చిన తర్వాత ఆ జబ్బులో ఎవరూ మిగలరని నాంచారికి తెలుసు, ఎన్నో ఊళ్ళలో చూసింది. మొదటి రెండు రోజులూ ఆమె బిడ్డ ప్రాణం కోసం మొక్కింది, తన ప్రాణం తీసుకోమన్నది, జుట్టు పీక్కుంది. మూడోనాడు మొక్కడం మానేసింది. బిడ్డ దక్కదని అర్థమైపోయింది. ఇప్పుడు ఆ తల్లి గుండెల్లో మిగిలిన భయం వేరు. ఈ బోడిచెయ్యితో బిడ్డ ఆ బారుల్లో కూర్చుంటే, రేపు తాను పోయినప్పుడు వెయ్యి చేతులు తిప్పి చూసినా దాన్ని గుర్తుపట్టలేదు. బిడ్డ పోవడమే కాదు, పోయిన బిడ్డ మళ్ళీ ఎన్నటికీ దొరకదు. అదీ తన చేతులారా చేసుకున్నది. అమ్మవారి కోపం గురించి ఆలోచించే ఓపిక ఆమెకు లేకపోయింది, సూదుల సంచి విప్పింది. మసి ఉంది, పసరు దొరికింది. పాలు లేవు.

పట్టపగలు మండుటెండలో ఊరి పొలిమేర రాళ్ళ దగ్గర నిలబడి కొంగు చాపి అరిచింది: "ఒక్క ఉద్ధరిణెడు పాలు పొయ్యండి తల్లులారా! మీ బిడ్డలు సల్లగుండ! నా బిడ్డకు పువ్వు పెట్టుకోవాల!" ఆ ఊళ్ళో పాలిచ్చే తల్లులు ఎంతమందో, వాళ్ళ చేతుల మీద ఏ ఏ పువ్వులున్నాయో అన్నీ ఆమెకు తెలుసు. ఆమె పెట్టిన తామరలు, ఆమె పెట్టిన మల్లెలు ఉన్న చేతులే ఒక్కొక్కటిగా తలుపులు మూసుకున్నాయి. పెద్దకాపు కర్ర పట్టుకుని వచ్చాడు. "మతి పోయిందేమే నాంచారీ? అమ్మ ఒంటి మీద ఉండగా సూది పొడుస్తావా? ఆ యమ్మకు కోపమొస్తే ఊళ్ళో పురుగన్నా మిగుల్తాదా? పో, నీకు దండం పెడతా, పో" అన్నాడు. అతన్ని తిట్టిపోయవద్దు. ఆ వారంలోనే ఇద్దరు మనవళ్ళను మన్ను చేసి వచ్చిన మనిషి అతను.

నాంచారి ఉత్తచేతులతో తిరిగివచ్చి బిడ్డ పక్కన కూలబడింది. ఎండ నడినెత్తికి వచ్చిన వేళ, గొల్లవారి కోడలు బసమ్మ ఊరివాళ్ళ కన్నుగప్పి, మేకలదోవన చుట్టు తిరిగి బండ దగ్గరికి వచ్చింది. పెళ్ళయిన ఏడేళ్ళ దాకా సంతానం లేక ఏడ్చిన బసమ్మకు మూడేళ్ళ కిందట గుమ్మడిపువ్వు పొడిచింది నాంచారే. ఏడాదికి కాకపోయినా రెండేళ్ళకు కొడుకు పుట్టాడు. ఆ ఏడాది నిండని కొడుకు మొన్ననే అమ్మవారికి బలైపోయాడు. బసమ్మ రైక రెండువైపులా తడిసి ఉంది. చేతిలో ఉగ్గుగిన్నె ఉంది.

"నాంచారక్కా, పాలు తెచ్చినా."

గిన్నె పట్టుకున్న ముంజేతి మీది గుమ్మడిపువ్వును చూసి నాంచారి తల ఎత్తలేకపోయింది. "ఏ మొగం పెట్టుకుని తీసుకోను బసమ్మా? నేను పొడిచిన పువ్వు అబద్ధమాడె గదా."

"అబద్ధమేమాడలేదు. నువ్వు చెప్పినట్టే పిందె పడింది, నిలవలేదు, అంతే" అని బసమ్మ గిన్నె కింద పెట్టింది. "మొన్నటి నుంచి ఆగకుండా వస్తాండాయి అక్కా. తాగేవాడు లేడని వీటికి తెలీదు. నేల మీద పిండి పారబొయ్యను నాకు చేతులు రాలా. నీ బిడ్డకన్నా పనికి రానీ."

బసమ్మ ఓబులి తల తన ఒళ్ళో పెట్టుకుంది. నాంచారి పాలలో మసి రంగరించి, కూతురి నోటి దగ్గర చెవి పెట్టి, "ఏ పువ్వు కావాల బిడ్డా?" అని అడిగింది.

"తంగేడు" అన్నది ఓబులి.

ఈసారి తల్లి వాదించలేదు. ఇరవై ఏళ్ళుగా పువ్వులు పొడిచిన ఆ చేతికి తంగేడు పొడవడం తెలియదు. బసమ్మ దోవపక్కకు పోయి ఒక పువ్వు తుంచుకొచ్చి ఎదురుగా పెట్టింది. రోజూ తొక్కుకుంటూ నడిచిన ఆ పువ్వును నాంచారి అప్పుడే మొదటిసారి చూసింది. ఐదు రేకులు. అంచులు కొద్దిగా ముడతలు పడి, లోపల సన్నని ఈనెలు. ఎవరూ నీరు పోయకుండా, ఎవరూ కోసుకోకుండా, అంత ఎండలో అట్లా ఎట్లా నిలిచి ఉందో ఆమెకు తెలియలేదు. ఇన్నాళ్ళూ తాను వెతికిన పువ్వు ఇదే కదా అనిపించి, తన చెంపలు తాను వాయించుకుని, సూదుల కట్ట అందుకుంది.

మొదటి చుక్క పొడవగానే ఆవగింజంత నెత్తురు పైకి వచ్చింది. బతికున్న చర్మానికి అదే గుర్తు, సూది పడిన ప్రతిచోటా నెత్తురు బొట్టు లేవాలి, మసి ఆ బొట్టుతో కలిసి లోపలికి దిగాలి. ఒక రేకు అయింది. ఓబులి ఏడవలేదు, ఒంటినిండా అంత మంట ఉన్నదానికి సూది నొప్పి తెలియడానికి చోటెక్కడిది? ఏడ్చింది తల్లి. కళ్ళలో నీళ్ళు తిరిగి రెండో రేకు అంచు కనబడక, చెయ్యి ఆగి, మళ్ళీ సాగి, మళ్ళీ ఆగింది. అప్పుడు ఓబులి పెదవులు కదిలాయి. నాంచారి వంగి విన్నది.

"ఓర్చుకోమ్మా" అన్నది ఆ పిల్ల, "అయిపొచ్చింది."

మూడో రేకు అయింది. నాలుగోది అయింది. ఐదో రేకు మొదటి చుక్కకు నెత్తురు రాలేదు. రెండో చుక్కకూ రాలేదు. సూది మొద్దుబారిందేమో అనుకుని నాంచారి తన బొటనవేలి మీద పొడుచుకుని చూసింది, నెత్తురు చిమ్మింది. "అక్కా" అని బసమ్మ ఆమె భుజం పట్టుకుంది. "ఉండు బసమ్మా, ఒక్క రేకే గదా, ఒక్క రేకే" అంటూ నాంచారి ఆ రేకు మొత్తం పొడిచింది, ఒక్క చుక్క కూడా తప్పిపోనివ్వలేదు. తర్వాత తడిగుడ్డతో తుడిచింది. నాలుగు రేకులు చేతి మీద నిలిచాయి. ఐదోది గుడ్డతోపాటు వచ్చేసింది.

నాంచారి గట్టిగా ఏడ్చిందని కొందరంటారు. బసమ్మ చెప్పిన మాట వేరు. నాంచారి ఆ గుడ్డ మడిచి పక్కన పెట్టిందట. తర్వాత గిన్నెలో అడుగున మిగిలిన పాలమసితో, తన ఎడమ ముంజేతి మీద, తల్లి పెట్టిన పాత పువ్వు పక్కన, ఒకే ఒక్క రేకు పొడుచుకుందట. బిడ్డను ఈ బండ మొదట్లోనే మన్ను చేశారు. ఎరుకలది అమ్మ కొలువున్న ఒంటికి ఇనుము ముట్టించింది, అమ్మ అలిగి సగంలోనే పిల్లను తీసుకుపోయిందని ఊరు చెప్పుకుంది. ఆ మాట నాంచారి చెవిన పడింది. "నా సూదే తీసకపోయిందా బసమ్మా? ఇంకొక్క పూట ఉండేదా నా బిడ్డ?" అని అడిగింది. "పోనీ, నాలుగు రేకులుంటే పువ్వంటారా? చూసేవాళ్ళు పువ్వనుకుంటారా, దెబ్బ మచ్చ అనుకుంటారా?" అని మళ్ళీ అడిగింది.

ఈరమ్మ వచ్చి కాళ్ళావేళ్ళా పడినా నాంచారి కదలలేదు. ఏ గుడికీ పోలేదు. ఈ బండకు ఎదురుగా కూర్చుని, నోరూ చెవులూ లేని ఈ రాతితోనే మాట్లాడేది. "నాకు వరమొద్దు. బిడ్డను తిరిగి ఇయ్యమని అడగను, ఇచ్చేదానివైతే తీసుకునేదానివే కాదు. దాని చేతి మీద పువ్వు ఉందా లేదా, అంత మటుకు చెప్పు తల్లీ" అని వైశాఖమంతా, జ్యేష్ఠమంతా అదే మాట అడిగింది. ఊళ్ళో అమ్మవారు శాంతించింది. ఆషాఢంలో వానలు పడ్డాయి. బండలన్నీ నాచు పట్టి పచ్చబడ్డాయి. ఈ బండ మాత్రం అంతటా నల్లగానే ఉండి, నాంచారి కూర్చున్న వైపున, మనిషి ఎత్తున, చేటంత మేర నాచు పట్టింది. అంచుల్లో చిన్న ముడతలు, లోపల సన్నని ఈనెలు. నాలుగు రేకులు.

మొదట మేకల కాపరులు చూశారు, తర్వాత ఊరు ఊరంతా వచ్చింది. కర్ర పట్టుకుని తరిమిన పెద్దకాపే మొదటి కొబ్బరికాయ కొట్టి, "తప్పయింది తల్లీ" అని నాంచారి కాళ్ళ మీద పడ్డాడు. కర్పూరాలు వెలిగాయి, డప్పులు మోగాయి, మహిమ మహిమ అని జనం విరగబడ్డారు. వాళ్ళందరికీ అది మహిమే. నాంచారి మాత్రం ఎవరినీ చూడలేదు. లేచి వెళ్ళి, ఐదో రేకు ఉండవలసిన చోట అరచెయ్యి ఆనించింది. చుట్టూ తడి ఉంది, ఆ చోటు మాత్రం పొడిగా, గరుకుగా ఉంది. ఆమె అడిగినదానికి జవాబు వచ్చింది. పువ్వు ఉంది, నిండు పువ్వు లేదు. వానలు వెనకబట్టేదాకా ఆమె ఆ చోటునే చూస్తూ కూర్చుంది. కార్తికంలో నాచు ఎండి పొట్టుగా రాలింది. ఐదో రేకు మొలవలేదు.

నాచు రాలిన మర్నాడు బసమ్మ అన్నం ముద్ద తీసుకుని వస్తే, నాంచారి ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, ప్రయాణానికి సిద్ధంగా ఉంది. "దాన్ని వెతుక్కోను పోతాండా బసమ్మా. నా చేతి మీది రేకు దాని చేతి నాలుగింటితో కలిసిన దినం ఈ బండ మీద ఐదోది మొలుస్తాది. మొలిస్తే మేము కలుసుకున్నామని తెలుసుకో. ఏడాదికొకసారి వచ్చి చూసిపోతాండు" అని చెప్పింది. మరునాటికి గుడిసెలో ఎవరూ లేరు. మూడు సూదుల కట్ట బండ మొదట్లో పాతి ఉంది. అడవిలోకి పోయిందని కొందరు, వాగులో దిగిందని కొందరు అన్నారు. బొందితో కైలాసానికి చేరిందని చెబితే బాగుంటుందని సలహా ఇచ్చినవాళ్ళూ ఉన్నారు. చూసినవాళ్ళు లేరు గనుక ఆ మాట ఇక్కడ చెప్పడం లేదు.

బసమ్మకు మళ్ళీ కడుపు పండలేదు. ఆమె బతికినన్నాళ్ళూ ఏటా వానలకు నాలుగు రేకులూ మళ్ళీ పచ్చబడే శ్రావణమాసం మొదటి ఆదివారం నాడు వచ్చి బండను కడిగి చూసి పోయేది. ఆమె ముసలిదై మంచం పట్టినప్పుడు, ఈ పని నా తర్వాత బిడ్డను పోగొట్టుకున్న తల్లే చెయ్యాలి, మరొకరికి ఎదురుచూడటం చేతకాదు అని చెప్పి కన్నుమూసింది. అదే నేటికీ ఆచారం. ఈ నాలుగు రేకుల తల్లికి బ్రాహ్మణ పూజారి లేడు, వంశపారంపర్యపు మిరాశీ లేదు. ఆ సంవత్సరం బిడ్డను మట్టిలో పెట్టిన తల్లి ఎవరో ఆమే అర్చకురాలు. ఏ ఏడాదీ అటువంటి తల్లి కోసం పక్క ఊరికి పోయి వెతకవలసిన అవసరం కలగలేదు.

తర్వాతి కాలంలో ఈ సీమకు దొరతనం చేసిన ఒక నాయకుడు, భక్తి కొద్దీనో పేరు కోసమో, శిల్పులను రప్పించి ఐదో రేకు ఉలితో తొలిపించి పచ్చరంగు నింపించాడు. ఒక్క వానకు రంగు కొట్టుకుపోయింది. తొలిచిన గాడి ఇప్పటికీ చూడవచ్చు, అందులో నీరు కూడా నిలవదు. మీకు సందేహముంటే వేలు పెట్టి చూసుకోండి, వద్దనేవాళ్ళు లేరు.

శ్రావణం మొదటి ఆదివారం నాడు జరిగే తిరునాళ్ళకు ఇరవై ఊళ్ళ ఆడవాళ్ళు వస్తారు. తల్లులు ఎడమచేతి మీద ఒక్క రేకూ, కూతుళ్ళు నాలుగు రేకులూ పొడిపించుకుని, రెండు చేతులూ పక్కపక్కన ఆనించి పువ్వు నిండిందా లేదా చూసుకుంటారు. మిట్టమధ్యాహ్నం ఆ ఏటి అర్చకురాలు పాలతో బండ తుడిచి, ఐదో రేకు చోట అరచెయ్యి పెట్టి నిలబడుతుంది. "వచ్చిందా తల్లీ?" అని అందరి తరఫునా ఒక ముసలామె అడుగుతుంది. "రాలేదమ్మా. నాలుగే" అని ఆమె చెప్పి చెయ్యి తీసేస్తుంది. డప్పులు మోగవు. తెచ్చుకున్న సద్దిమూటలు విప్పుకుంటారు.

చెట్లకింద సూదులవాళ్ళు మళ్ళీ పని మొదలుపెడతారు, పిల్లలు కెవ్వుమంటారు. వాళ్ళంతా ఈరమ్మ సంతతివాళ్ళు. వేరే ఊళ్ళలో ఎక్కడ పొడిచినా నాంచారి మాట పూర్తిగానే అంటారు. ఇక్కడ, ఈ బండ నీడన మాత్రం, ఏడ్చే పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుని "ఓర్చుకో తల్లీ" అని ఊరుకుంటారు. రెండో మాట అనరు.